డిస్కు మేలుకునే దాకా

రెండు రోజుల పని అని చెప్పి లుబెన్ ఆమెను కొండమీదికి పంపాడు. మొదటి రోజు కొత్త యంత్రాన్ని బిగించాలి, రెండో రోజు అది సరిగ్గా నడుస్తోందో లేదో చూసి సంతకం పెట్టి దిగిపోవాలి. జోర్నిత్స పనిచేసేది సోఫియాలో ఒక చిన్న కంపెనీలో. ఆనకట్టలకు, అడవి చౌకీలకు, వాతావరణ కేంద్రాలకు, అంటే మనుషులు నిలవని చోట్లకు ఆ కంపెనీ కంప్యూటర్లు తయారుచేసి ఇస్తుంది. వాటిలో అన్నిటికంటే అడుగున ఉండి మిగతా అన్నిటినీ మోసే భాగం కెర్నెల్. ఆ కెర్నెల్‌కి డిస్కులతో మాట్లాడడం నేర్పే డ్రైవర్లు జోర్నిత్స చేతిలో ఉండేవి. లుబెన్ ఆమె పై అధికారి. అతనికి కొండలంటే గిట్టదు.

వ్రాని చాల్ శిఖరం మీద వాతావరణ కేంద్రమంటే మూడు గదుల రాతి కట్టడం, దాని నెత్తిన ఒక ఇనుప బురుజు. స్టామెన్, నెవ్యానా అనే భార్యాభర్తలు చాలా ఏళ్లుగా అక్కడే కాపురం. రోజంతా వంతులవారీగా బురుజెక్కి గాలినీ చలినీ కొలిచి కిందికి రేడియోలో చెప్పడం వాళ్ల ఉద్యోగం. ఆ పనంతా ఇక కొత్త యంత్రం చేస్తుంది. అది పనికొస్తుందని జోర్నిత్స సంతకం పెడితే కేంద్రానికి తాళం వేసి ఇద్దరినీ దించేస్తారు. ఈ ముక్క లుబెన్ ఆమెకు చెప్పలేదు. చెప్పింది స్టామెన్, మొదటి పూట భోజనాల బల్ల దగ్గర.

"అయితే మమ్మల్ని సాగనంపడానికొచ్చింది నువ్వేనన్నమాట," అన్నాడు చిక్కుడుగింజల చారు గిన్నెని ఆమె వైపు తోస్తూ. "తిను. ఉరి తీసేవాడైనా ఖాళీ కడుపుతో పని చెయ్యకూడదు."

"స్టామెన్!" అంది నెవ్యానా.

"ఏం, తినమనడం కూడా తప్పేనా?"

జోర్నిత్సకు చెంచా ఎత్తబుద్ధి కాలేదు. "నాకు తెలీదు స్టామెన్ అన్నా. నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు," అంది.

"చెప్తే రాకుండా ఉంటావా?"

ఆమె చెంచా ఎత్తింది. చారు తాగింది.

ఆ రోజు యంత్రం బుద్ధిగా లేచింది. రాత్రంతా ఆపి ఉంచి, మర్నాడు పొద్దున మళ్లీ కరెంటు ఇచ్చేసరికి లేవలేదు. తెర మీద అక్షరాల వరుసలు గబగబా దొర్లిపోయి, తన సరంజామా అంతా ఉండే మూల డిస్కు కనిపించడం లేదని ఒక్క మాట చెప్పి కెర్నెల్ చేతులెత్తేసింది. జోర్నిత్స మళ్లీ కరెంటు తీసి వేసింది, యంత్రం లేచింది. ఇంకోసారి వేసింది, అప్పుడూ లేచింది. ఒక్కసారి తప్పిపోయిందిలే అని సంతకం పెట్టేసే మనుషులు ఉంటారు. కానీ ఈ శిఖరం మీద గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది. పోయి వచ్చినప్పుడల్లా యంత్రం తనంతట తాను లేవాలి. లేవకపోతే మళ్లీ మీట నొక్కడానికి ఇక్కడ మనిషంటూ ఉండడు. మనుషులు ఉండకూడదనే కదా దీన్ని తెచ్చింది.

ఆమె ఈ ఆలోచనలో ఉండగానే మంచు మొదలైంది. మధ్యాహ్నానికి కిటికీలు తెల్లగా మూసుకుపోయాయి. కొండ రక్షణ దళం వాళ్లు రేడియోలో చెప్పారు: "కింది వాలు మీద మంచు జారుతోంది. మేం పైకి రాలేం. మీరూ దిగొద్దు. ఇంకోసారి చెప్తున్నాం, ఎవరూ దిగొద్దు."

"ఎన్నాళ్లు?" అని అడిగింది జోర్నిత్స.

స్టామెన్ రేడియో కట్టేసి నవ్వాడు. "గాలిని అడుగు."

అలా ఆమె అక్కడ ఇరుక్కుపోయింది. వంటగది, పడకగది, యంత్రాలగది. వాటి మధ్య రెండు తలుపులు, బయటికి ఒక తలుపు. మంచు పేరుకుపోయి ఆ బయటి తలుపును రోజూ పారతో తవ్వితేనే తెరుచుకునేది. తెరిచినా వెళ్లే చోటు లేదు. గడప దాటి నాలుగడుగులు వేస్తే వెనక ఇల్లు కనపడదు. కరెంటు తీగ మొదటి గాలికే తెగింది. డీజిల్ పొదుపుగా వాడాలి కాబట్టి జనరేటర్ని రోజులో కొన్నిసార్లు మాత్రమే వేసేవారు. మిగతా వేళల్లో ఆమె ల్యాప్‌టాప్ కూడా నిద్రపోయేది. తడి ఉన్ని వాసన, పొయ్యి పొగ, గోడలను తోస్తున్నట్టుండే గాలి. ఎవరు దగ్గినా మూడు గదుల్లోనూ వినపడేది. సోఫియాలో ఆమెకు తలనొప్పి వస్తే అలా బయటికెళ్లి నడిచి వచ్చేది. ఇక్కడ మంచం చివరి నుంచి పొయ్యి దాకా నడిచేది. నెవ్యానా కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేది.

యంత్రం మాత్రం ఆమెతో దాగుడుమూతలు ఆడసాగింది. పొద్దున లేచేది కాదు, మధ్యాహ్నం లేచేది. డ్రైవర్ ఎక్కడ తప్పటడుగు వేస్తోందో పట్టుకుందామని, అడుగడుగునా తను చేస్తున్న పని పైకి చెప్పేలా అందులో కొన్ని కోడ్ వరుసలు చేర్చింది. అప్పటినుంచి ప్రతిసారీ లేచింది. పొద్దునా లేచింది. ఆ వరుసలు తీసేస్తే మళ్లీ పడుకుంది. అడిగితే ఏ రోగమూ లేదంటుంది, అడగడం మానగానే కూలబడుతుంది.

వంటింటి కిటికీ మూల ఒక్కచోట, గాలి తగ్గినప్పుడు ఫోను పలికేది. లుబెన్ గొంతు ముక్కలుముక్కలుగా వచ్చింది.

"ల్యాబ్‌లో ఎన్నిసార్లు వేశామో నీకు తెలుసు కదా! ఒక్కసారైనా ఆగిందా?"

"ఇక్కడ ఆగుతోంది."

"అయితే అక్కడ ఎవరో చెయ్యి పెడుతున్నారు. ఆలోచించు జోర్నిత్సా. అది లేవకపోతే ఎవరికి లాభం?"

ఫోను తెగిపోయింది. వెనక్కి తిరిగితే నెవ్యానా పిండి కలుపుతోంది. విన్నదో లేదో తెలియలేదు.

"ఎప్పుడు లేస్తుందమ్మాయ్ అది?" అని అడిగింది నెవ్యానా, తల ఎత్తకుండానే.

"తెలీదు నెవ్యానక్కా."

"త్వరగా లేపు." పిండిని బల్ల మీద వేసి కొట్టింది. "నీకు చెప్తున్నా, ఆయన దగ్గర అనకు. నాకు కిందికి పోవాలనుంది. రోడ్డు మీద నడుస్తుంటే తెలియనివాళ్ల మొహాలు కనపడాలి. కొట్లోకి వెళ్లి, అన్నీ చూసి, ఏమీ కొనకుండా బయటికి రావాలి. ఊరికే, అంతే."

"ఆయనకి చెప్పలేదా?"

"మొదటి చలికాలంలోనే చెప్పా. వచ్చే ఏడు పోదాం అన్నాడు. అప్పట్నుంచీ వచ్చే ఏడే." పిండి వేళ్లతో నుదురు తుడుచుకుంది. "మంచివాడే. కొట్టడు, తిట్టడు. ఈ కొండ మీదినుంచి కదలడు, అంతే. ఆయన కదలకపోతే నేనెక్కడికి కదిలేది?"

మర్నాడు పొద్దున జోర్నిత్స యంత్రాలగదిలోకి వెళ్లేసరికి నేల మీద తడి బూటు గుర్తులు ఉన్నాయి. అందులో వింతేమీ లేదు, బురుజెక్కడానికి దారి ఆ గదిలోంచే. కానీ గుర్తులు మెట్ల వైపు మాత్రమే పోలేదు. యంత్రం ముందు ఆగి, పక్కకు తిరిగి, మళ్లీ మెట్ల వైపు పోయాయి. డిస్కు కేబుల్ని వేలితో నొక్కి చూసింది. వెంట్రుకవాసి లోపలికి దిగింది. ఆమెకు ఒళ్లు మండింది. ఇన్ని రోజులు, ఇంత చలి, ఈ గోడలు, అంతా ఈ మనిషి వేళ్ల వల్లేనా అనిపించింది.

బల్ల దగ్గర స్టామెన్ రొట్టె కోస్తున్నాడు. నిలబడే అడిగింది.

"మీరు యంత్రం మీద చెయ్యి వేశారా?"

కత్తి ఆగింది. "ఏమన్నావ్?"

"కేబుల్ వదులుగా ఉంది. గుర్తులు మీవే. నేను లేనప్పుడు దాన్ని కదిలిస్తున్నారా లేదా, అది చెప్పండి చాలు."

స్టామెన్ లేచాడు. మేకుకు తగిలించిన యంత్రాలగది తాళంచెవి తెచ్చి ఆమె కంచం పక్కన పెట్టాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"తాళం వేసుకో. నేను ఆ గదిలో అడుగు పెట్టను."

"మరి బురుజు?" అంది నెవ్యానా.

"బయట నిచ్చెన ఉందిగా."

"ఆ నిచ్చెనా! గడ్డకట్టి గాజులా ఉంటుంది! పిచ్చెక్కిందా నీకు? అమ్మాయ్, నువ్వైనా చెప్పు!"

జోర్నిత్స చెప్పలేదు. పౌరుషానికి పోతున్నాడు, గాలి చూసి తనే వెనక్కి వస్తాడు అనుకుంది. ఇంకో మాట కూడా అనుకుంది: పోనీ, ఇప్పుడు తేలిపోతుంది. తాళంచెవి తీసుకుని యంత్రాలగదిలోకి వెళ్లి లోపలినుంచి గడియ పెట్టుకుంది. కేబుళ్లన్నీ తీసి మళ్లీ గట్టిగా బిగించింది. కాసేపటికి బయట గోడమీద ఇనుము మోగింది. ఒక్కో మెట్టు ఎక్కుతున్న చప్పుడు నెత్తిమీదికి పోయింది.

రోజూ వేసే వేళకు నెవ్యానా జనరేటర్ వేసింది. యంత్రం వెలిగింది, వరుసలు దొర్లాయి. మూల డిస్కు కనిపించడం లేదు.

గదిలో తను తప్ప ఎవరూ లేరు. కేబుల్ బిగించింది తనే, తలుపు వేసింది తనే. ఆ అక్షరాల వైపు చూస్తూ కూర్చుండిపోయింది. అప్పుడు గమనించింది, పైన చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది.

బురుజు లోపలి మెట్లు ఎక్కి చివరనున్న ఇనుప మూతని భుజంతో తోసింది. కదల్లేదు. కిందికి పరిగెత్తి, గొడ్డలి తీసుకుని, నెవ్యానాని కేకేసి మళ్లీ ఎక్కింది. మంచుగడ్డను పగలగొట్టి ఇద్దరూ కలిసి తోస్తే మూత లేచింది. గాలి మొహం మీద చాచి కొట్టింది. నిచ్చెన పై చివర, మెట్టుకు కరుచుకుని స్టామెన్ ఉన్నాడు. గ్లవ్ ఒకటి ఇనుముకు అతుక్కుపోయింది. దాన్ని ఊడదీసుకుందామని చెయ్యి బయటికి లాగాడు, ఆ వట్టి చేత్తోనే పక్క కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. ఎక్కలేడు, దిగలేడు. కనుబొమలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. అరిచాడో లేదో, ఆ గాలిలో ఎవరికి వినపడుతుంది?

జోర్నిత్స పొట్ట మీద పడుకుని అతని నడుము పట్టీ అందుకుంది. నెవ్యానా ఆమె కాళ్లు పట్టుకుంది. ఎలా లాగారో తర్వాత ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టారు. మూడు వేళ్లు మైనంలా పాలిపోయి ఉన్నాయి. నెవ్యానా ఏడవలేదు. నీళ్లు మారుస్తూ ఉంది, మార్చినప్పుడల్లా గిన్నెని నేలకేసి గట్టిగా పెట్టింది.

"నాది తప్పు స్టామెన్ అన్నా," అంది జోర్నిత్స. "మీరు బయట ఉన్నప్పుడు కూడా అది లేవలేదు. మిమ్మల్ని అన్యాయంగా అన్నాను."

అతను కాసేపు పళ్లు బిగించి నొప్పి ఓర్చుకున్నాడు. "అంత అన్యాయం కాదులే," అన్నాడు చివరికి. "పొద్దున దాని ముందు ఆగిన మాట నిజమే. తీగ మీద చెయ్యీ వేశా. ఒక్క లాగు లాగితే చాలు, ఇంకో ఏడాది మమ్మల్నెవరూ కదిలించరు అనుకున్నా. చేతులు రాలేదు. మళ్లీ నొక్కేసి పోయా. సరిగ్గా నొక్కలేదేమో."

నెవ్యానా గిన్నె పట్టుకుని అలాగే ఆగిపోయింది. "ఇంకో ఏడాదా?"

"నెవ్యానా..."

"నేను రోజూ ఆ మూల దేవుడి పటం ముందు కొవ్వొత్తి వెలిగిస్తున్నాను కదా, ఎందుకనుకున్నావ్? గాలి తగ్గాలనా? ఆ పెట్టె లేవాలని. నువ్వేమో దాని తీగ పట్టుకుని నిలబడ్డావు!"

స్టామెన్ ఆమె మొహంలోకి చూశాడు, మొదటిసారి చూస్తున్నవాడిలా. పక్కనే కూర్చున్న జోర్నిత్సకు లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళ్లడానికి యంత్రాలగది ఒక్కటే ఉంది. అక్కడికే వెళ్లింది.

చలికి వేళ్లు ఊదుకుంటూ కూర్చుంది. ఎవరి చెయ్యీ లేదు. మరైతే ఏముంది? పొద్దున, రాత్రంతా కరెంటు లేకుండా ఉన్నాక, లేవదు. ఒకసారి నడిచి వేడెక్కాక లేస్తుంది. పైకి మాట్లాడించే వరుసలు చేరిస్తే ఎప్పుడైనా లేస్తుంది. ఆ వరుసలు చేసే మేలేమిటి? ఏమీ లేదు. అవి డ్రైవర్ని ఆలస్యం చేస్తాయి, అంతే.

ఆ ఆలోచన రాగానే డ్రైవర్ తెరిచి మొదటినుంచి చదివింది. డిస్కులు నేరుగా కంప్యూటర్‌కి తగిలించి ఉండవు, మధ్యలో ఒక కార్డు ఉంటుంది. డ్రైవర్ ముందు ఆ కార్డుని తట్టి లేపుతుంది, సిద్ధమా అని అడుగుతుంది. కార్డు సిద్ధమే అంటుంది. అయితే నీ వెనక డిస్కులెన్ని అని అడుగుతుంది. కార్డు సిద్ధమన్నది తన సంగతి, డిస్కుల సంగతి కాదు. ఈ చలిలో రాత్రంతా పడుకున్న డిస్కు బిగుసుకుపోయి, మెల్లగా తిరగడం మొదలుపెట్టి వేగం అందుకోవడానికి సమయం పడుతుంది. అది నోరు తెరిచేలోపే డ్రైవర్ ఒక్కసారి అడిగి, జవాబు రాలేదని, డిస్కులే లేవని రాసుకుని ముందుకు పోతోంది. సోఫియా ల్యాబ్‌లో గది వెచ్చగా ఉంటుంది, డిస్కు ఇట్టే లేస్తుంది. అక్కడ లక్షసార్లు వేసినా ఈ తప్పు కనపడదు.

ఒకప్పుడు అక్కడ కాస్త ఆగే వరుస ఉండేది. యంత్రం లేవడానికి మరీ ఎక్కువసేపు తీసుకుంటోందని లుబెన్ సణుగుతుంటే, అనవసరమని ఆ వరుసని తీసేసింది జోర్నిత్సే. పోయిన వసంతంలో. ప్రపంచమంతా వాడుకునే కెర్నెల్ మూలప్రతికి కూడా ఆ మార్పుని తనే పంపింది, వాళ్లూ తీసుకున్నారు. మంచులో ఆ మనిషిని నిచ్చెన ఎక్కించింది తన అనుమానమే అనుకుంటోంది ఇందాకటిదాకా. దాని వెనక ఇది కూడా ఉంది.

పాత వరుసని అలాగే తిరిగి పెట్టేయవచ్చు. కానీ ఇంకా చలి పెరిగితే అదీ చాలదు. గుడ్డిగా ఆగడం కాకుండా, ఒక్కో డిస్కునీ పేరుపేరునా అడిగి, లేస్తున్నాను అన్నదాని కోసం ఎదురుచూసి, అసలు పలకనిదాన్ని కొంతసేపటికి వదిలేసేలా రాసింది. ఆ పని ముగిసేదాకా కెర్నెల్ మూల డిస్కు కోసం వెతకకుండా కట్టడి చేసింది.

వంటగదిలోకి వచ్చేసరికి భార్యాభర్తలిద్దరూ చెరో మూల ఉన్నారు. వాళ్ల మధ్య కొండ ఆకులతో కాచిన టీ చల్లారిపోతోంది.

"దొరికింది," అంది.

ఆమె స్టామెన్ ముందు కూర్చుంది. "అన్నా, ఇది నాకు తప్ప ఎవరికీ తెలీదు. నా చేత కాలేదని చెప్పి దిగిపోతే..."

"వద్దు," అన్నాడు స్టామెన్ వెంటనే. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. "నువ్వు అబద్ధమాడి దిగిపోతావు. ఆ అబద్ధంతో ఇక్కడ కాపురం చెయ్యాల్సింది నేను. ఈవిడ మొహం చూస్తూ." గడ్డంతో యంత్రాలగది వైపు చూపి, "పరీక్షించుకో, పో," అన్నాడు.

పరీక్షకు నెవ్యానాయే సాయం వచ్చింది. యంత్రాన్ని కిటికీ కిందికి జరిపి, కిటికీ తెరిచి, చలి పట్టనిచ్చి, మీట వేసేవారు. లేచిందంటే యంత్రం ఒక్క కూత కూస్తుంది. మళ్లీ ఆపి, మళ్లీ చలి పట్టనిచ్చి, మళ్లీ వేసేవారు. డీజిల్ అయిపోతుందేమోనని భయపడుతూనే రెండు రోజులు అదే పని. కూత వినపడినప్పుడల్లా నెవ్యానా మొహం వెలిగేది. ఆ వెంటనే గోడ అవతల మొగుడు గుర్తొచ్చి మీట మీదికి తల వంచేది. గోడ అవతల స్టామెన్ దగ్గేవాడు, అంతే. ఒక్కసారి కూడా అది లేవకుండా ఉండలేదు. జోర్నిత్స సంతకం పెట్టింది.

గాలి ఆగిన పొద్దున రక్షణ దళం వాళ్లు స్కీల మీద వచ్చారు. స్టామెన్ చెయ్యి చూసి తలాడించి, ముందు ఇతన్ని దించాలి అన్నారు. కొండ కింద సమొకోవ్ అనే ఊరి ఆసుపత్రిలో రెండు వేళ్ల కొనలు తీసేశారు. ఆ చేత్తో ఇక నిచ్చెనలు, తాళ్లు కుదరవు కాబట్టి మొదట అనుకున్న వేసవి గడువు దాకా ఆగకుండానే కేంద్రానికి తాళం పడింది. వాళ్ల సామాను తర్వాత ఎవరో దించారు.

జోర్నిత్స సవరణని మూలప్రతికి పంపింది. తప్పు తనదేనని అందులో రాసింది. పరీక్షించినవారి పేరు రాసేచోట నెవ్యానా పేరు రాసింది. కొన్నాళ్లకు ముక్కూమొహం తెలియనివాళ్ల ఉత్తరాలు వచ్చాయి. పడవలో చేపలు నిలవచేసే గదిలో ఉన్న తమ యంత్రం కూడా ఇన్నాళ్లూ ఇలాగే మొరాయించేదని ఒకాయన రాశాడు. లుబెన్ మాత్రం, యంత్రం లేవడం మళ్లీ ఆలస్యమవుతోందన్నాడు.

శరదృతువులో ఆమె సమొకోవ్ వెళ్లింది. పాత కాంక్రీటు భవనంలో మూడో అంతస్తు. తలుపు తీసింది స్టామెన్. బక్కచిక్కాడు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురు భవనం వంటిళ్లు కనిపిస్తాయి, అంతకుమించి ఏమీ కనపడదు.

"కూర్చో. ఆవిడ బేకరీలో పనికెళ్లింది. పని ఎప్పుడో అయిపోయుంటుంది, ఊరంతా తిరిగి వస్తుంది." రకియా అనే పళ్ల సారా పోశాడు, ఎడమ చేత్తో. "మొన్న పైన కరెంటు పోయిందటగా?"

"పోయింది. వచ్చాక తనే లేచింది."

"ఊఁ." గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "ఇక్కడ గాలి ఎటునుంచి వీస్తోందో తెలీదు. ఒక బాల్కనీలోంచి దూరి ఇంకో బాల్కనీలోంచి పోతుంది. పొద్దున లేస్తే ఎటు వెళ్లాలో తెలీదు. తలుపు తీస్తే మెట్లు. మెట్లు దిగితే మళ్లీ గోడలు. నువ్వు అప్పుడు అటూ ఇటూ నడిచేదానివి కదా, పొయ్యి దాకా, మంచం దాకా. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నేనూ అదే."

ఆమె గ్లాసు అందుకుంది. నెవ్యానా వచ్చింది, చలికి ఎర్రబడ్డ బుగ్గలతో, చేతిలో బేకరీ పొట్లంతో. జోర్నిత్సని కౌగలించుకుని, తన పేరు ఎక్కడ రాసిందో చూపించమంది. ఫోనులో చూపిస్తే కళ్లు చిట్లించి అక్షరం అక్షరం చదివింది.

"నేను మీట నొక్కానంతేగా!"

"పరీక్ష అంటే అదే అక్కా."

"చూశావా?" అని మొగుడికి చూపించింది. అతను చూశాడు. "బాగుంది," అన్నాడు. నిజంగానే అన్నాడు.

సాయంత్రం బస్టాండ్ దాకా నెవ్యానా తోడు వచ్చింది. దారంతా కొట్ల అద్దాల ముందు ఆగుతూ నడిచింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం మెల్లగా అంది: "ఆయన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది అమ్మాయ్. రాత్రిళ్లు లేచి కిటికీ దగ్గర నిలబడతాడు. అయినా చెప్తున్నా, నేను వెనక్కి మాత్రం వెళ్లను. ఆయన వెళ్తానన్నా సరే, వెళ్లను."

"ఆయన అడిగారా?"

"లేదు. అడగడు. అదే నా బాధ."

బస్సు వచ్చింది. జోర్నిత్స ఎక్కి కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది. నెవ్యానా కూడా ఊపింది. ఇంటి వైపు రెండడుగులు వేసి, ఆగి, కోటు బొత్తాలు పెట్టుకుని, జనం తిరుగుతున్న చౌరస్తా వైపు మళ్లింది.